నాలుగో ఆవిడ

పోలింగ్ ఏజెంటుగా నేను జీవితంలో ఒక్కసారే కూచున్నాను. పొద్దున ఎనిమిదింటికి కూచుని సాయంత్రం అయిదింటికి ఇంటిదారి పట్టాను. మధ్యలో లేచి నిలబడింది ఒక్కసారి. ప్రజాస్వామ్యానికి నువ్వు చేసిన సేవ ఏమిటయ్యా అని ఎవరైనా అడిగితే ఆ ఒక్క లేవడమే చూపించుకోవాలి. అదైనా సరిగ్గా లేవలేదు. మోకాలు బల్లకు తగిలి సిరా సీసా దొర్లింది.

భయం వేసినప్పుడు జోకు వేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఇది చదువుతుండగా ఎక్కడైనా మీకు నవ్వొస్తే, అక్కడ నాకు చొక్కా తడిసిందని అర్థం చేసుకోవాలి.

డెబ్భైల మొదట్లో వచ్చిన శాసనసభ ఎన్నికల సంగతి. అప్పటికి నేను తెనాలిలో ఒక ట్యుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుండేవాణ్ణి. పరీక్ష తప్పినవాళ్ళు మా దగ్గరికి వచ్చి చదువుకుని, మళ్ళీ తప్పి, మళ్ళీ మా దగ్గరికే వచ్చేవాళ్ళు. అంత నమ్మకమైన విద్యార్థులు పెద్ద కాలేజీలకు కూడా ఉండరు. నేను బాపట్లలో బి.ఎ. చదివే రోజుల్లో నా గదిలో ఉన్న మిత్రుడు అక్కడే ప్లీడరుగా బోర్డు కట్టాడు. కేసులు రాలేదు. తీరిక దొరికినవాళ్ళు నవలలు చదువుతారు, పేకాడతారు. మావాడు ఓటర్ల జాబితాలు చదవడం మొదలుపెట్టాడు. చదివి చదివి ఒకరోజు తెనాలి వచ్చి, “ఒరే, నేను పుట్టకముందు చచ్చిపోయిన మా తాతయ్య పోయిన ఎన్నికల్లో ఓటేశాడురా. ఒక్కసారి వచ్చి మమ్మల్ని చూసి పోవచ్చుగా,” అన్నాడు.

అలా పుట్టింది మా సంఘం. అయిదుగురు సభ్యులు, రెండు సైకిళ్ళు. చేసే పని చెప్పడానికి తేలిక. ఊరూరా జాబితా పట్టుకు తిరిగి, ఉన్న మనిషి పేరు లేకపోతే రాయించడం, లేని మనిషి పేరు ఉంటే కొట్టించడం, ఎవరి ఓటు వాళ్ళే వేసుకోవచ్చునని చెప్పడం. చివరిమాట చాలామందికి కొత్తగా ఉండేది. నేను అందులో ఎందుకు చేరానంటే, మిత్రుడు అడిగినప్పుడు కాదనడానికి మొహమాటపడ్డాను. అంతకు మించి ఆదర్శం ఏమీ లేదు.

ఆ తిరుగుళ్ళలో ఒకసారి రేపల్లె అవతలికి వెళ్ళాం. బస్సు ఆగిపోయిన చోటి నుంచి రెండు మైళ్ళు నడిస్తే ఒక పెద్ద ఊరు. ఆ ఊరు దాటి ఇంకో రెండు మైళ్ళు చవిటి నేలలో నడిస్తే, ఉప్పుకాలవ ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పాలెం. పాలెం జనానికి పోలింగు పెద్ద ఊరి ఎలిమెంటరీ స్కూల్లో. ఊరి చుట్టూ పొలం చాలా వరకు ఒకే కుటుంబానిది. ఆ ఇంటి యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. ఆయన చాలా మంచివారని అడిగిన ప్రతివాళ్ళూ చెప్పారు. ప్రతివాళ్ళూ గొంతు తగ్గించి చెప్పారు.

పాలెంలో మాతో మాట్లాడింది ఒకే ఒక్క మనిషి. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని రేపల్లె దాకా తిరిగి అమ్మే ఆవిడ. యాభై దాటి ఉంటాయి. వీధి మొదట్లో అరిస్తే చివరింట్లో పిల్లి లేచి కూచునే గొంతు.

“మూడు ఎలచ్చన్లు అయినాయి బాబూ. మూడుసార్లూ నా ఓటు పడిందంట. నేను మాత్రం ఎయ్యలా,” అంది.

“మరి ఎవరేశారమ్మా?”

“ఏమో. నాకంటే తొందర పన్లున్నోళ్ళు ఎవురో.”

ఆవిడ మమ్మల్ని పాలెం చివరకు తీసుకెళ్ళి బావి చూపించింది. నీళ్ళు ఉప్పన. తాగేనీళ్ళ కోసం ఆడవాళ్ళు రోజూ పడవలో బిందెలు పెట్టుకుని మంచినీటి కాలవ దాకా పోయిరావాలి. అంతకు ముందు ఏడాది పాలేనికని ప్రభుత్వం ఒక చేతిపంపు మంజూరు చేసింది. ఆ పంపు పెద్దాయన పశువుల కొట్టం ముందు వేశారు. కొట్టం కూడా పాలెం వైపే ఉందని కారణం రాసుకున్నారు.

“ఎమ్మెల్యేని అడగలేదా?”

“మా ఓట్లన్నీ పెద్దాయన ఇంట్లో ఉంటే ఎమ్మెల్యే మా ఇంటికి ఎందుకొస్తాడు బాబూ? ఆయన ఇంటికే పోతాడు. కాఫీ కూడా అక్కడే బాగుంటది.” ఆవిడ నవ్వలేదు. “ఈసారి నా ఓటు నేనే ఎయ్యాలి. ఒక్కసారి ఏసి చూడాలి. ఆ తర్వాత పంపు రాకపోయినా నా తప్పు కాదని ఉంటది.”

వేయడానికి అడ్డేమిటంటే, చెప్పడానికి సిగ్గుపడేంత చిన్నది. బూత్‌లో అధికారి జాబితా చూసి పేరు అడిగేవాడు. ఆడవాళ్ళు చెప్పేవాళ్ళు. ఆ తర్వాత భర్త పేరు అడిగేవాడు. అక్కడ ఆగిపోయేది. పాలెంలో ఏ ఆడమనిషీ మొగుడి పేరు నోటితో పలకదు. పాలెంలోనే అని కాదు. మా అమ్మ మా నాన్న పేరు పలకగా నేను వినలేదు. ఏ ఆఫీసులోనైనా ఇంటాయన పేరేమిటమ్మా అని అడిగితే నన్ను ముందుకు తోసేది. పాలెం ఆడవాళ్ళు బూత్‌లోకి పిల్లల్ని తీసుకుపోయే వీల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేవాళ్ళు. పక్కకు నిలబడమనేవాళ్ళు. నిలబడి నిలబడి ఇంటికి పోయేవాళ్ళు. మధ్యాహ్నం పెద్దాయన కొట్టాల్లో పనిచేసే ఆడవాళ్ళు వచ్చి, ఆ పేర్లన్నీ గడగడా అప్పజెప్పి, ఆ ఓట్లన్నీ వేసేసేవాళ్ళు. పరాయివాళ్ళ మొగుడి పేరు చెప్పడానికి సిగ్గేముంది?

ఆ ఆలోచన దగ్గరే నా బుర్ర వెలిగింది. పరాయి మొగుడి పేరు చెప్పవచ్చు కదా! అయితే క్యూలో వెనక నిలబడ్డ ఆవిడ ముందు నిలబడ్డ ఆవిడ మొగుడి పేరు చెప్పాలి. అంతే. ఎం.ఎ. చదివినందుకు మొదటిసారి లాభం కనిపించింది.

వలలు ఆరేసుకునే ఇసుక దిబ్బ మీద రిహార్సలు పెట్టాం. నేను అధికారిని. తలకిందులుగా పెట్టిన బుట్ట నా బల్ల. ఆడవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. చేపలావిడ నాలుగో స్థానంలో ఉంది. ఆవిడ వంతుకు మూడో ఆవిడ మొగుడి పేరు వచ్చింది. దాన్ని ఆవిడ నా చెవులు చిల్లులు పడేలా అరిచి చెప్పింది.

“అంత గట్టిగా అక్కర్లేదమ్మా.”

“రేపల్లెలో అలవాటు బాబూ.”

నాలుగు ఆదివారాలు అదే పాఠం చెప్పాను. ఎవరికి ఓటేశామో ఎవరికీ చెప్పకూడదని, మొగుడికి కూడా చెప్పనక్కర్లేదని అదనపు పాఠం కూడా చెప్పాను. ఆ పాఠం వాళ్ళకు బాగా నచ్చింది.

ప్లీడరు మిత్రుడు చట్టం చూసి వచ్చాడు. “మొగుడి పేరు ఆవిడ నోటితోనే చెప్పాలని ఎక్కడా లేదురా. ఆ మనిషి ఆ మనిషేనని అధికారికి నమ్మకం కలిగితే చాలు. బూత్‌లో ఎవరో ఒకరు కూచుని ఆ మాట చెప్పాలి.”

“నువ్వు కూచో.”

“నేను ప్లీడర్ని. నన్ను కొడితే కేసు వాదించేదెవరు?”

అందులో న్యాయం ఉంది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు నిచ్చెన గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. గెలుస్తానన్న భ్రమ ఆయనకు లేదు. ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టి నా చేతికిస్తూ, “జాగ్రత్త నాయనా,” అన్నారు. మామూలుగా అభ్యర్థులు “గట్టిగా పనిచెయ్యి” అంటారు.

పోలింగుకు ముందురోజు మధ్యాహ్నం తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను. ఎదురుగా ఒకాయన కూచున్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, మెత్తని మాట. వేరుశనక్కాయలు చేతిలో పోశాడు. వద్దంటే బాగుండదని తీసుకున్నాను.

“రేపు మా ఊరి స్కూల్లో కూచుంటున్నారంట కదండీ.”

నా నోట్లో వేరుశనగ పలుకు ఉంది. తల ఊపాను.

“నేను కూడా కూచుంటానండి. పెద్దాయన నాకు మేనమామ. ఆ బల్లలు పిల్లలవండి. పాతవి. విరుగుతుంటాయి. జాగ్రత్త.”

“అలాగేనండి.”

భట్టిప్రోలు స్టేషన్లో బండి ఆగింది. ఆయన కిటికీలోంచి బయటికి చూసి, “మీ అక్కగారు ఈ ఊళ్ళోనే కదండీ ఉండేది. అదిగో, ఆ పెంకుటిల్లు. గడ్డివామి బాగా వేశారండి ఈసారి మీ బావగారు. దూరం నుంచి చూస్తే కొండలా ఉంది,” అన్నాడు.

మా అక్కకు నాలుగు గేదెలు. ఏడాది పొడుగునా వాటి తిండి ఆ వామే. వామికీ వంటింటి చూరుకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంటుంది.

“ఎండలు ముందే వచ్చాయండి,” అన్నాడు ఆయన. అని, మిగతా వేరుశనక్కాయలు కూడా నాకే ఇచ్చాడు. రేపల్లె దాకా ఇద్దరం తింటూనే ఉన్నాం. వాటి రుచి నాకు గుర్తు లేదు.

మర్నాడు పొద్దున ఆయనే నన్ను బూత్ గుమ్మంలో ఆహ్వానించాడు. “రండి మేష్టారూ. మజ్జిగ తాగుతారా?”

“వద్దండి.”

“భయపడకండి. మజ్జిగేనండి.”

స్కూలుకు ఒకటే గది. గోడ మీద ఎక్కాలు రాసి ఉన్నాయి. పిల్లల బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూచున్నాం, మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా. ప్రిసైడింగ్ ఆఫీసరు ఎక్కడో వేరే తాలూకా నుంచి వచ్చిన ఉద్యోగి. ఆయనకు విపరీతమైన జలుబు. పోలింగు అయిదింటికి అవుతుందా, కాస్త ముందే అవుతుందా అన్నట్టు గంటకోసారి వాచీ చూసుకునేవాడు. గుమ్మంలో ఒక కానిస్టేబులు లాఠీ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఒకరు బయటికి వెళితేగాని ఇంకొకరిని లోపలికి వదలడు.

ఆ లాఠీ నా రిహార్సల్లో లేదు.

పాలెం ఆడవాళ్ళు ఎనిమిదిన్నరకు వచ్చారు. అంతా కలిసి వచ్చారు కాని, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ముందు నిలబడ్డానికి ఎవరూ ఒప్పుకోలేదు. మిగతావాళ్ళు చేపలావిణ్ణి ముందుకు తోశారు. పసుపు రాసుకున్న మొహం, ఉతికిన చీర. నెత్తిన బుట్ట లేకుండా ఆవిణ్ణి చూడడం నాకదే మొదటిసారి. మనిషి పొట్టిదైపోయినట్టు అనిపించింది.

“పేరు?” అన్నాడు ఆఫీసరు. చెప్పింది.

“భర్త పేరు?”

ఆవిడ వెనక్కి చూసింది. వెనకావిడ లాఠీ అవతల ఉంది. చేపలావిడ నా వైపు చూసింది. నేను బల్ల మీద ఎవరో పిల్లాడు చెక్కిన పడవ బొమ్మ వైపు చూశాను. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుని, నాలుగు ఆదివారాలు తాను నేర్చుకున్న ఒకే ఒక్క పేరును, మూడో ఆవిడ మొగుడి పేరును, రేపల్లె బజారుకు వినిపించేంత గట్టిగా చెప్పింది.

నేను నేర్పిన పాఠాన్ని అంత శుద్ధంగా అప్పజెప్పిన విద్యార్థి నాకు మళ్ళీ దొరకలేదు.

నా పక్కనున్నాయన జాబితా మీద వేలు పెట్టాడు. “అదేంటండీ, ఇక్కడ వేరే పేరుంది? సొంత మొగుడి పేరు తెలీని ఆడమనిషి ఉంటుందాండీ? దొంగ ఓటండి. పోలీసుకి అప్పగించండి.”

గుమ్మం బయటి నుంచి రెండో ఆవిడ అసలు పేరు అరిచింది. ఆ వెనక ఇంకో నలుగురు అరిచారు.

“ఓటరు నోటితోనే రావాలండి,” అన్నాడు ఆయన ఆఫీసరుతో. “బయట ఎవరు పడితే వాళ్ళు అరవడానికి ఇది ఓటాండీ, వేలంపాటా?”

మాట బాగుందని ఒప్పుకోక తప్పదు. ఆఫీసరు ముక్కు తుడుచుకున్నాడు. “ఓటరే చెప్పాలి. ఇంకొకరు చెప్పకూడదు. ఈవిణ్ణి వరండాలో కూచోబెట్టండి. పోలింగు అయ్యాక స్టేషనుకు పంపే సంగతి చూద్దాం.”

స్టేషను అన్న మాట వినగానే ఆవిడ మొహంలో పసుపు ఒక్కటే మిగిలింది. కానిస్టేబులు ఆవిణ్ణి వరండాలో బెంచీ మీద కూచోబెట్టాడు. నేను కూచున్న చోటి నుంచి కిటికీలో ఆవిడ వీపు కనిపిస్తోంది.

అప్పుడు నేను లేవాలి. నేను అక్కడ ఉన్నదే అందుకు. ప్లీడరు మిత్రుడు చెప్పిన చట్టం మాట తెలుగులో, ఇంగ్లీషులో రెండింట్లోనూ కంఠస్థం చేసి ఉన్నాను. అందులో మొదటి అక్షరం నాలుక మీదికి వచ్చింది కూడా.

“మేష్టారూ,” అన్నాడు పక్కనున్నాయన, నాకు మాత్రమే వినపడేలా. “మీ అక్కగారింటి వామి సంగతే అనుకుంటున్నానండి. గాలి కూడా ఇవాళ పడమటి నుంచి ఉంది.”

“అవునండి,” అన్నాను.

ఆ రోజు బూత్‌లో నేను మాట్లాడిన మొదటి మాట అది.

రెండో ఆవిణ్ణి పిలిచారు. భర్త పేరన్నారు. కొంగు నోటికి పోయింది. బెంచీ మీదికి పంపారు. మూడో ఆవిణ్ణీ అంతే. క్యూలో చివర ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు మెల్లగా ఇంటిదారి పట్టారు. కాస్త దూరంలో వేపచెట్టు కింద పెద్దాయన కొట్టాల్లో పనిచేసే ఆడవాళ్ళు కూచుని ఉన్నారు. తొందరేమీ లేదు వాళ్ళకు.

ఈలోగా ఊళ్ళో రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ కోసం కానిస్టేబులు క్యూ ఆపాడు. మొదటావిడ పేరు చెప్పింది. వేలి మీద సిరా, చేతిలో బ్యాలెట్టు. భర్త పేరు ఎవరూ అడగలేదు. రెండో ఆవిడకూ అడగలేదు. నాకు అప్పటికి అర్థమైంది. ఆ పేరు జాబితాలో ఉంది కాని, ఆ ప్రశ్న చట్టంలో లేదు. పాలెం వాళ్ళ కోసం తయారుచేసి పెట్టుకున్న ప్రశ్న అది. ఈ మాట లేచి చెప్పాలి. మూడో ఆవిడ లోపలికి వచ్చింది. నాలుగో ఆవిడకు లేస్తాను అని లోపల్లోపల ఒట్టు పెట్టుకున్నాను. నాలుగో ఆవిడకే ఎందుకంటే, మూడో ఆవిడ కంటే ఆవిడ కాస్త దూరంగా ఉంది కనక.

మూడో ఆవిడ ఓటేసి వెళ్ళిపోయింది. ఇంత త్వరగా ఓటేస్తుందని నేను అనుకోలేదు. నాలుగో ఆవిడ బల్ల ముందుకు వచ్చి పేరు చెప్పింది. నేను కళ్ళు మూసుకుని లేచాను. సిరా సీసా అప్పుడే దొర్లింది.

“సార్, ఈవిణ్ణి కూడా… భర్త పేరు అడగాలండి.”

దొర్లిన సిరా బల్ల అంచు నుంచి చుక్క చుక్కగా కింద పడుతున్న చప్పుడు వినపడింది.

“ఏంటండీ మీరనేది?” అన్నాడు పక్కనున్నాయన. మొదటిసారి ఆ గొంతులో మెత్తదనం పోయింది. “ఆవిడెవరో తెలిసే అడుగుతున్నారా?”

“తెలీదండి. తెలీదు కాబట్టే అడగమంటున్నానండి.”

ఈ జవాబు తర్వాత చాలా ఊళ్ళలో గొప్పగా చెప్పుకున్నారని విన్నాను. అది నిజంగా తెలియక అన్న మాట.

“మా అత్తయ్య. పెద్దాయనగారి భార్య.”

కళ్ళు తెరిచి చూశాను. అరవై ఏళ్ళావిడ. సాదా నేత చీర, నడుముకు తాళాల గుత్తి. నేను వెంటనే కూచుందామనుకున్నాను. మోకాళ్ళు వంగలేదు. అందుచేత నిలబడే ఉన్నాను. చూసినవాళ్ళకు అది పట్టుదలలా కనిపించిందట.

“మావయ్య పేరు నేను చెబుతాను, రాసుకోండి,” అన్నాడు మేనల్లుడు.

“పొద్దున… మీరే కదండీ…” అన్నాను. మిగతా వాక్యం రాలేదు. దాన్ని ఆఫీసరు తుమ్మి పూర్తిచేశాడు. “ఓటరే చెప్పాలన్నాం కదండీ పొద్దున. చెప్పండమ్మా.”

ఆవిడ ఆఫీసరును చూసింది, మేనల్లుణ్ణి చూసింది, నన్ను కాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత కిటికీ వైపు చూసింది.

“ఆ చేపలావిణ్ణి ఎందుకు కూచోబెట్టారు?”

“భర్త పేరు తప్పు చెప్పిందండి,” అన్నాడు ఆఫీసరు.

“పక్కనున్న ఇద్దరూ?”

“అసలు చెప్పలేదండి.”

“నలభై ఏళ్ళ కాపురంలో నేనూ చెప్పలేదు నాయనా. ఈ వయసులో బడికొచ్చి నేర్చుకోమంటావా?” అంది ఆవిడ. “నన్ను కూడా అక్కడే కూచోబెట్టు.”

అని, ఎవరూ కూచోబెట్టక ముందే బయటికి నడిచి వెళ్ళి ఆ బెంచీ మీద కూచుంది.

చేపలావిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది. “అమ్మగారూ! మీరేంటమ్మా ఇక్కడ?”

“కూచోవే. ఉన్నదొకటే బెంచీ. మొన్న నువ్విచ్చిన బొమ్మిడాయిల్లో సగం ఇసకే.”

“ఇసక కాదమ్మగారూ. సరిగ్గా కడగలా మీ పనమ్మాయి.”

కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఆవిడకు కాపలా కాస్తున్నాడో, ఆవిడ పని మీద ఉన్నాడో అతనికే తెలిసినట్టు లేదు.

మేనల్లుడు పరుగెత్తాడు. “అత్తయ్యా, లేవండి. మావయ్య వింటే ఏమంటారు?”

“వింటే ఏంటి? ఆయన పేరు నేను పలకలేదనే కదా వింటారు. సంతోషిస్తారు.”

ఆవిడ అలా ఎందుకు చేసిందో నాకు తెలీదు. న్యాయం కోసమేనని ప్లీడరు మిత్రుడు అంటాడు. మేనల్లుడంటే పడకపోయి ఉండవచ్చు. నిజంగానే మొగుడి పేరు నోటికి రాక, మరో దారి తోచక వెళ్ళి కూచుని ఉండవచ్చు. నాకు మాత్రం అప్పుడు ఒకటే ఆలోచన. తెనాలి ట్యుటోరియల్ మేష్టారు మూలంగా తన భార్య పోలీసు పక్కన బెంచీ మీద కూచుందని పెద్దాయన వింటే, ఒక్క వామితో సరిపెట్టుకుంటాడా?

అయిదు నిమిషాలకు మేనల్లుడు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ పంచె నలిగింది. “సార్, ఆ ప్రశ్న అక్కర్లేదులెండి.”

“ఎవరికి?” అన్నాడు ఆఫీసరు.

“అత్తయ్యకి.”

ఆఫీసరు నా వైపు చూశాడు. నేనింకా నిలబడే ఉన్నాను. మోకాళ్ళ సంగతి చెప్పాను కదా.

“ఎవరికీ అక్కర్లేదండి,” అన్నాను. గొంతు మా కాలేజీలో పాఠం రాని పిల్లాడిదిలా ఉంది. చట్టం మాట తెలుగులో సగం, ఇంగ్లీషులో సగం చెప్పాను. రెండు సగాలూ ఒకటే సగం అని తర్వాత తట్టింది.

ఆఫీసరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “చీటీ చూసి పేరు, భర్త పేరు నేనే చదువుతాను. అవునంటే చాలు. అందరికీ ఒకటే.”

వరండాలోంచి పెద్దాయన భార్య గొంతు వినపడింది. “అయితే ముందు దీన్ని పంపండి. నాకంటే ముందొచ్చింది.”

చేపలావిడ లోపలికి వచ్చింది. ఆఫీసరు పేరు చదివాడు. భర్త పేరు చదివాడు. ఆవిడ తలవంచుకుని, “ఊఁ,” అంది. అంత చిన్న శబ్దం ఆ గొంతులోంచి వస్తుందని నేను అనుకోలేదు. వేలికి సిరా పెట్టారు. బ్యాలెట్టు తీసుకుని దుప్పటి కట్టిన మూలకు వెళ్ళింది. వెళ్ళింది, రాలేదు. రెండు నిమిషాలు. మూడు.

“ఏంటమ్మా, ఏం చేస్తున్నావు?” అన్నాడు ఆఫీసరు.

“ఉండు బాబూ. మూడుసార్లు పోయింది. ఈసారన్నా నిదానంగా ఏసుకోనియ్.”

ఇంటిదారి పట్టినవాళ్ళను ఎవరో వెళ్ళి పిలుచుకొచ్చారు. సాయంత్రానికి పాలెం ఆడవాళ్ళంతా ఓటేశారు. వేపచెట్టు కింద కూచున్నవాళ్ళు చీరలు దులుపుకుని వెళ్ళిపోయారు.

అయిదింటికి బయటికి వస్తే చేపలావిడ రోడ్డు పక్కన నిలబడి ఉంది. వేలి మీద సిరా ఆరిందో లేదో అన్నట్టు ఊదుకుంటోంది. నాకు ధైర్యం చాలక పొద్దున మాట్లాడలేదని చెబుదామనుకున్నాను. చెప్పలేక, “ఎవరికేశావమ్మా?” అని అడిగాను.

“మొగుడికి కూడా చెప్పొద్దన్నావు. నీకెట్టా చెబుతా బాబూ?” అంది.

ఫలితాల్లో మా హెడ్మాస్టరుగారు అందరికంటే చివరన వచ్చారు. పాలెం ఓట్లు ఎవరికి పడ్డాయో నాకు ఇప్పటికీ తెలీదు. పెద్దాయన మనిషికే పడి ఉండవచ్చు కూడా. నేను నేర్పిన రెండు పాఠాల్లో అదొక్కటి సవ్యంగా వంటబట్టింది.

మేనల్లుడు నాతోపాటు బస్సు దాకా రెండు మైళ్ళూ నడిచి వచ్చాడు. మళ్ళీ మెత్తగా మాట్లాడాడు. “మీకు ధైర్యం ఎక్కువేనండి.”

“లేదండి.”

“మావయ్య మీ గురించి అడిగారండి. ఏ ఊరు, ఎవరి తాలూకు అని. అన్నీ చెప్పాను.” బస్సు కదులుతుండగా కిటికీలోంచి నా చేయి పట్టుకుని, “వెళ్ళిరండి,” అన్నాడు.

రేపల్లెలో బండి ఎక్కి, వామి కనపడాలంటే కుడిపక్క కూచోవాలో ఎడమపక్క కూచోవాలో తెలియక నిలబడే వచ్చాను. భట్టిప్రోలు వచ్చేసరికి చీకటి పడింది. అక్క ఇంటి దీపం వెలుగులో వామి ఉంది. పక్కన గేదెలు ఉన్నాయి. తెనాలికి టిక్కెట్టు ఉన్నా దిగిపోయాను.

“ఏంట్రా ఇలా ఊడిపడ్డావు? మొహం ఏంటి అలా ఉంది?” అంది అక్క.

“ఎండ. అక్కా, వామి పక్కన నాలుగు బిందెల నీళ్ళు పెట్టి ఉంచు.”

“ఎందుకు?”

“గేదెలు తాగుతాయి.”

అక్క నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం భట్టిప్రోలు వెళ్ళాను. అక్క మీద ప్రేమ పొంగిందని ఇంట్లో అంతా మెచ్చుకున్నారు. బావగారు అప్పు అడుగుతానేమోనని కొన్ని వారాలు అనుమానపడ్డారు. నేను మాత్రం బండి దిగీ దిగగానే ముందు వామి చుట్టూ ఒకసారి తిరిగేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఎవరూ రాకపోవడం వల్ల భయం తగ్గుతుందని అనుకునేవాళ్ళకు భయం గురించి తెలీదు. ఇవాళ రాలేదంటే రేపు వస్తారేమోనని లెక్క.

ప్లీడరు మిత్రుడు మధ్యలో ఒక కార్డు రాశాడు. చేతిపంపు ఇంకా పశువుల కొట్టం ముందే ఉందనీ, కాని కొత్త ఎమ్మెల్యేగారి జీపు మొదటిసారి పాలెం దాకా వచ్చి ఇసకలో కూరుకుపోయిందనీ, ఆడవాళ్ళంతా కలిసి దాన్ని తోశారనీ, తోసే ముందు చేపలావిడ జీపు ఆపి బావినీళ్ళు ఒక గ్లాసు ఆయనతో తాగించిందనీ రాశాడు. ఆయన ఆ నీళ్ళు మింగాడో ఉమ్మాడో కార్డులో చోటు చాలలేదు.

వామి నెలనెలా తగ్గుతూ వచ్చింది. వానలకు సగమైంది. తర్వాత నడుము ఎత్తుకు దిగింది. కార్తీక మాసం వెళ్ళే రోజుల్లో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి గడ్డి ఒక్క మోపు మిగిలింది. బావగారు దాన్ని గేదెల ముందు వేసి పొలానికి పోయారు. నేను అక్కడే నిలబడ్డాను. అవి ఏ తొందరా లేకుండా నమిలాయి. చివరి పరక లోపలికి పోయేదాకా నేను కదలలేదు.

“గేదెల్ని అంతలా చూస్తావేంట్రా?” అంది అక్క వంటింట్లోంచి. “అన్నం చల్లారిపోతోంది, రా.”